ఖాళీ గిన్నె పుచ్చుకోం

హార్విక్, మిన్నెసోటా
జూన్ 1983

చిట్టీ,

నీ రష్యావాళ్లు క్షేమంగా బస్సెక్కారు. వాళ్లని పంపించి ఇప్పుడే ఇంటికొచ్చాను. ఇల్లంతా బోసిపోయినట్టుంది.

లెనిన్‌గ్రాడ్‌లో కూర్చుని నువ్వు ఆ కాగితాలన్నీ కదిలించకపోతే ఈ అయిదుగురూ మన ఊరి ముఖం చూసేవాళ్లు కాదని నాకు తెలుసు. అందుకని ఈ ఒక్కసారికి నిన్ను మెచ్చుకుంటున్నాను. అలవాటు చేసుకోకు.

మా ఇంట్లో దిగింది జినాయీదా పావ్లోవ్నా. ఒనేగా సరస్సు పక్కన ఓల్ఖోవ్‌కా అనే ఊళ్లో పిల్లలకు పాటలు నేర్పుతుందట. నేను చర్చిలో పాటల బృందం నడుపుతాను కదా, ఇక చూడు. ఆవిడకు పది ఇంగ్లీషు మాటలొచ్చు, నాకు రష్యన్‌లో అదీ రాదు. పియానో ముందు కూర్చుంటే ఏ భాషా అక్కర్లేకపోయింది. నీ గదిలోనే పడుకోబెట్టాను. నీ పాత దుప్పటి చూసి ఏదో అడిగింది. "చెల్లెలు" అని చెప్పాను. అర్థమైనట్టు తలూపింది.

కార్‌స్టెన్ దాల్ గుర్తున్నాడా, మన పక్క పొలం? "కమ్యూనిస్టులు ఊళ్లోకొస్తే ట్రాక్టర్‌కి తాళమేసుకుంటా" అన్నాడు. మూడోనాటికల్లా వాళ్లలో ఒకాయన్ని దాని మీదెక్కించి పొలమంతా తిప్పాడు. "వాడికి క్లచ్ తొక్కడం మనవాళ్లకన్నా బాగా వచ్చే!" అని అందరికీ చెప్పుకు తిరుగుతున్నాడు.

వచ్చే వేసవికి మనవాళ్లు అయిదుగురు వాళ్ల ఊరెళ్లాలని మాటయింది. అందులో ఒకదాన్ని నేనే. ఇంతవరకు ఈ రాష్ట్రం దాటి ఎక్కడికీ వెళ్లనిదాన్ని, నవ్వకు.

జినాయీదా బస్సెక్కుతుంటే దారిలో తినడానికి ఖర్జూరం పెట్టి కాల్చిన బార్లు చేసిచ్చాను. అమ్మ కేకు గిన్నెలో పెట్టి ఇచ్చాను. అదే, నలుపలకల అల్యూమినియం గిన్నె, జారుడు మూతది. కింద టేపు మీద 'బ్రెక్కె' అని మన ఇంటిపేరుంది కదా, పోదులే. "తొందరేం లేదు" అని కూడా చెప్పాను.

మీ అక్క,
సోల్వేగ్

*

లెనిన్‌గ్రాడ్
జూలై 1983

అక్కా,

నీ మెచ్చుకోలు ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను. ఇంతవరకు నాకొచ్చిన పతకం అదొక్కటే.

నిజంగా సంతోషంగా ఉంది. ఈ అమెరికన్ కాన్సులేట్‌లో నేను చేసే పని ఏమిటో తెలుసా? నెలకోసారి ఇక్కడి ప్రభుత్వ స్నేహసంఘం ఆఫీసుకు వెళతాను. రోడియోన్ ల్వోవిచ్ అనే పెద్దమనిషి బల్లకవతల కూర్చుంటాడు. వాషింగ్టన్ పంపిన కాగితం నేను చదువుతాను. మాస్కో పంపిన కాగితం ఆయన చదువుతాడు. ఇద్దరం టీ తాగుతాం. చేతులు కలుపుకుని లేస్తాం. ఇలా రెండేళ్లు కూర్చుంటే నీ ఇంటికి ఒక పాటల టీచరు వచ్చింది. అదీ లెక్క.

ఒక్క మాట. ఆ గిన్నె సంగతి మరిచిపో. దౌత్యంలో చేతికిచ్చి పంపిందల్లా బహుమతే. అమెరికా తరఫున ఇచ్చిన బహుమతిని అమెరికా తరఫున వెనక్కి అడిగితే నేనిక్కడ తలెత్తుకోలేను. నీకు కొత్త గిన్నె కొనిపెడతాను. నీకు దండం పెడతాను, అడగకు.

నీ ఉత్తరాలు మా దౌత్య సంచీలో వచ్చేలా ఎప్పటిలాగే వాషింగ్టన్ చిరునామాకే పంపు. ఆ సంచీని ఎవరూ విప్పరు. మామూలు టపా అయితే నాకన్నా ముందు ఇంకో నలుగురు చదువుతారు.

మారిట్

*

హార్విక్
సెప్టెంబర్ 1983

చిట్టీ,

బహుమతి అట, బహుమతి! బహుమతే అయితే టేపు పీకి ఇచ్చేదాన్ని కాదూ? నువ్వీ ఊళ్లో పుట్టినదానివేనా?

ఇలా మొదలుపెట్టాను గానీ మనసులో హాస్యం లేదు. ఆ ప్రయాణికుల విమానాన్ని రష్యా యుద్ధవిమానం కూల్చిందని రేడియోలో వినగానే అందరం కార్‌స్టెన్ ఇంటికి పరిగెత్తాం. సైన్యంలో అతనితో పనిచేసిన స్నేహితుడి కూతురు అందులో ఉంది. చిన్నప్పుడు సెలవులకు వాళ్లింటికి వచ్చి దూడలకు పాలు పట్టేదే, ఆ పిల్ల. కార్‌స్టెన్ వాకిట్లో కూర్చుని ఉన్నాడు.

ఊరి సభ పెట్టారు. ఓల్ఖోవ్‌కాతో సంబంధం తెంచుకోవాలి, ప్రయాణం మానాలి అని కార్‌స్టెనే ప్రతిపాదించాడు. నేను అతని మొహం చూడలేకపోయాను. ఏం చెప్పమంటావు? వాళ్ల ప్రభుత్వం మంచిదని చెప్పనా? కాదు. అయినా లేచి నిలబడ్డాను.

"వాళ్లింట్లో నా గిన్నె ఉంది" అన్నాను.

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఈ ఊళ్లో సంబంధం తెంచుకోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు. పక్కింటి గిన్నె కడిగి ఖాళీగా గుమ్మంలో పెట్టి రావడం. రింగ్ వాళ్లూ, మిక్కెల్సన్ వాళ్లూ ఇరవై ఏళ్లుగా చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చోకపోవడానికి కారణం అలాంటి గిన్నె ఒకటే కదా.

"అది ఖాళీగా వస్తే మొదటి చెయ్యి నేనే ఎత్తుతాను. నిండుగా వస్తే వెళ్దాం. వచ్చేదాకా ఆగుదాం" అన్నాను.

కార్‌స్టెన్ నేల చూస్తూ, "సోల్వేగ్ మాట మీద ఆగుదాం. గిన్నె మీద కాదు" అన్నాడు. ఫిబ్రవరి దాకా వాయిదా పడింది.

కాబట్టి ఇప్పుడు ఊరంతా గిన్నె కోసం ఎదురుచూస్తోంది. అందుకని నువ్వేమన్నా అను, జినాయీదాకు నేనే నేరుగా ఉత్తరం రాశాను. "నా గిన్నె ఎప్పుడు పంపుతావు? ఖాళీగా మాత్రం పంపకు. ఇక్కడ చాలామంది దాని మీదే ఆశ పెట్టుకున్నారు" అని. మన స్కూల్లో రష్యన్ చదివిన కుర్రదాని చేత అనువాదం కూడా చేయించాను.

సోల్వేగ్

*

లెనిన్‌గ్రాడ్
అక్టోబర్ 1983

అక్కా,

కొంప ముంచావు.

నిన్న నెలవారీ సమావేశం. నేను నా కాగితం చదివాను. విమానం గురించి అందులో ఎంత కఠినంగా ఉండాలో అంత కఠినంగానూ ఉంది. రోడియోన్ ల్వోవిచ్ తన కాగితం చదివాడు. టీ రాలేదు. దానికి బదులు ఆయన ఇంకో కాగితం తీశాడు.

"మేడమ్ బ్రెక్కె, గిన్నె అంటే ఏమిటి?"

"గిన్నె అంటే గిన్నే" అన్నాను.

"'ఖాళీగా పంపకు' అంటే దేంతో నింపమని?"

"తినేదేదైనా."

"'చాలామంది ఆశ పెట్టుకున్నారు' అంటే ఎవరు ఆ చాలామంది?"

నీ ఉత్తరం చదివితే నాకే అనుమానం వచ్చేలా ఉంది. ఏ గూఢచారీ ఇంత చక్కగా రాయలేడు. ఈ సంవత్సరం, ఈ నెలలో, అమెరికా నుంచి మామూలు టపాలో అలాంటి ఉత్తరం! నేను చెప్పలేదూ?

జినాయీదాను జిల్లా ఆఫీసుకు పిలిపించి అడిగారట. పిల్లల పాటల బృందాన్ని ఆమె చేతుల్లోంచి తీసేశారట. ఉద్యోగం ఉంది, ప్రస్తుతానికి. అంతకుమించి నాకు తెలియదు. తెలుసుకోబోతే ఆమెకే చేటు.

ఇక ఆమెకు ఏమీ రాయకు. పుట్టినరోజు కార్డు కూడా.

మారిట్

*

హార్విక్
నవంబర్ 1983

మారిట్‌కి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి మొహం చెల్లలేదు.

ఆమె చేతులు గుర్తొస్తున్నాయి. పాడేటప్పుడు పిల్లలకు సైగ చేసినట్టు గాలిలో ఇలా తేలుస్తుంది. ఆ చేతుల్లోంచి పిల్లల్ని లాగేశారంటే అది నేను చేసిందే. మంచి చేస్తున్నాననుకుని చేశాను. నా స్వభావం నీకు తెలుసు, తలుపు తట్టకుండా లోపలికి పోయేదాన్ని.

ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. కార్‌స్టెన్‌కి తప్ప. కంచె దగ్గర నిలబడి చెప్పాను. విని, "చూశావా, వాళ్లంతే" అంటాడని అనుకున్నాను. అతను టోపీ తీసి, "ఆవిడ ఆ క్లచ్ తొక్కినవాడితో వచ్చిందే కదా? పాటల ఆవిడ?" అని అడిగాడు. అవునన్నాను. వెళ్లిపోయాడు.

గిన్నెల గురించి ఇంత మాట్లాడాను కాబట్టి ఇంకోటి కూడా చెప్పేస్తాను. నీలం పింగాణీ గిన్నె. అమ్మ అంత్యక్రియలు అయిన మర్నాడు నువ్వు చేరావు. నేనన్న మాట నీకూ గుర్తుంది, నాకూ గుర్తుంది: "అన్ని దేశాలకూ నీ దగ్గర టైముంది, అమ్మకి తప్ప." అయినా వెళ్లేటప్పుడు పాలలో ఉడికించిన అన్నం, దాల్చినచెక్క వేసి, ఆ నీలం గిన్నెలో పెట్టి ఇచ్చాను. నెల తిరక్కుండా పార్సిల్ వచ్చింది. గిన్నె. కడిగి, తుడిచి, ఖాళీగా. ఒక ముక్క ఉత్తరం కూడా లేదు.

ఆ తర్వాత మళ్లీ మాట్లాడుకున్నాం, నవ్వుకున్నాం, ఉత్తరాలు రాసుకుంటున్నాం. ఆ గిన్నె మాత్రం ఈ పదేళ్లలో ఒక్కసారీ వాడలేదు. అల్మరా పై అరలో ఉంది.

నిన్ను తప్పుపట్టడానికి కాదు. ఖాళీ గిన్నె ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందుకే సభలో ఆ మాట వచ్చింది. అంతే.

సోల్వేగ్

*

లెనిన్‌గ్రాడ్
జనవరి 1984

అక్కా,

నీకు చెప్పకూడదనుకున్నది ఒకటుంది. చెబితే నువ్వు ఏదో ఒకటి చేసేస్తావని భయం. కానీ మోయలేకపోతున్నాను.

డిసెంబర్‌లో జినాయీదా మా కాన్సులేట్‌కి వచ్చింది. ఓల్ఖోవ్‌కా నుంచి రైల్లో ఒక రోజు ప్రయాణం. నేను పై అంతస్తు కిటికీలోంచి చూశాను. మొదట గుర్తుపట్టలేదు. బూడిదరంగు శాలువా, చంకలో గుడ్డలో చుట్టిన నలుపలకల మూట. అప్పుడు తెలిసింది.

మా గేటు దగ్గర ఎప్పుడూ వాళ్ల పోలీసులు నిలబడి ఉంటారు. ఆమె నేరుగా వాళ్ల దగ్గరికే వెళ్లి మూట విప్పి చూపించింది. మూత జరిపింది. లోపలున్నదేదో తీసి, తినమని వాళ్లలో ఒకడి చేతిలో పెట్టబోయింది కూడా. వాడు వెనక్కి అడుగేశాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. గిన్నె తీసుకున్నారు. ఆమెను కారులో ఎక్కించారు.

నేను మెట్లు దిగి కింద తలుపుదాకా వెళ్లాను. అక్కడే ఆగిపోయాను. నేను గేటు దాటి ఆమె చెయ్యి పట్టుకుని ఉంటే అది ఒక పాటల టీచరు గొడవగా మిగిలేది కాదు, రెండు దేశాల గొడవ అయ్యేది, నలిగేది ఆమె. ఇది నాకు నేర్పిన పాఠం. సరైన పాఠమే. అయినా ఆ తలుపు గొళ్లెం పట్టుకుని నిలబడ్డ నిమిషం నన్ను వదలడంలేదు. ఏడ్చాను అక్కా.

సాయంత్రానికి ఆమెను వదిలేశారని, రైలెక్కించారని తెలిసింది. గిన్నె ఏమైందో తెలియదు.

నువ్వు గెలిచావు. నేను అది బహుమతి అన్నాను. ఆమె ఒక్క రోజు కూడా అలా అనుకోలేదు.

నీలం గిన్నె గురించి నువ్వు రాసింది చదివాను.

మారిట్

*

హార్విక్
ఫిబ్రవరి 1984

చిట్టీ,

ఇంతకాలం ఒక్కదానివే ఎందుకు మోశావే? నేను ఏమీ చేయను. ఒట్టు. కాళ్లు కట్టేసుకుని కూర్చున్నాను.

నువ్వు తలుపు దగ్గర ఆగావు, నేను ఆగకుండా ఉత్తరం రాశాను. ఇద్దరిలో ఆమెకు మేలు చేసింది నువ్వే. నిన్ను పెంచినదాన్ని చెబుతున్నాను, విను.

సభ మళ్లీ జరిగింది. గిన్నె రాలేదని నేనే చెప్పాను. ఆమె తేబోయిందని చెప్పలేదు, ఆ మాట ఇక్కణ్ణుంచి ఎక్కడికి పాకుతుందో ఎవరికి తెలుసు. నోరు మూసుకోవడం ఎంత కష్టమో నాకు ఈ వయసులో తెలిసింది, నీకు రోజూ ఇదే ఉద్యోగమా? కుర్రాళ్లు కొందరు ఇక ఓటు పెట్టేద్దామన్నారు. కార్‌స్టెన్ లేచాడు.

"వంట చేసేవాళ్లకి టైం పడుతుంది" అన్నాడు. "జూలై దాకా ఆగండి. అప్పటికీ రాకపోతే తెగతెంపుల తీర్మానం నేనే రాసిస్తా."

జూలై తర్వాత ఇంకో వాయిదా ఉండదు చిట్టీ. ప్రయాణం లేదు, పాటలు లేవు, ఆ ఊరు మన ఊరికి ఇక ఏమీ కాదు.

సోల్వేగ్

*

లెనిన్‌గ్రాడ్
మార్చి 1984

అక్కా,

కూర్చుని చదువు.

ఈ నెల సమావేశంలో నా కాగితం నేను చదివాను, తన కాగితం ఆయన చదివాడు. టీ వచ్చింది. అప్పుడు రోడియోన్ ల్వోవిచ్ బల్లకింద నుంచి గోధుమరంగు కాగితంలో చుట్టి లక్క ముద్రలు వేసిన పొట్లం తీసి నా ముందు పెట్టాడు.

"మా దర్యాప్తు ముగిసింది. వస్తువు అమెరికన్ పౌరురాలిదని తేలింది. తిరిగి అప్పగిస్తున్నాం. సంతకం పెట్టండి."

విప్పాను. అమ్మ గిన్నె. వెతికి వెతికి పరీక్ష చేసినట్టున్నారు, మూల ఒకటి సొట్టపోయింది. మరిగే నీళ్లలో కడిగి, తళతళా తోమారు. టేపు ఊడిపోయింది. జినాయీదా పెట్టినదేదీ లోపల లేదు. తినే వస్తువులు అప్పగించడానికి నియమాలు ఒప్పుకోవట.

ఖాళీ గిన్నె. పేరు కూడా లేదు.

నిజం చెబుతాను, నాకు మొదట వచ్చిన ఆలోచన: పుచ్చుకో, బజారుకెళ్లి తేనె బిస్కెట్లు కొని నింపు, ఆమె పంపిందని చెప్పు. నువ్వు కనిపెట్టలేవు. ఊరు బతికిపోతుంది. ఇలాంటి చిన్న చిన్న సర్దుబాట్లతోనే మా ఉద్యోగం నడుస్తుంది. కలం తీశాను కూడా.

తీసి, పక్కన పెట్టేశాను.

"ఇది పుచ్చుకోలేను" అన్నాను.

"గిన్నె మీదే కదా?"

"మాదే."

"శుభ్రంగా ఉంది కదా?"

"అదే బాధ" అన్నాను. "మా ఊళ్లో గిన్నె ఖాళీగా తిరిగొచ్చిందంటే ఇక మీ గుమ్మం తొక్కం అని అర్థం. ఇది ఇలా తీసుకెళితే మా ఊరు మీ ఊరితో తెగతెంపులు చేసుకుంటుంది. మీకు కావలసింది అదేనా?"

ఆయన కాగితాలు సర్దాడు. మళ్లీ సర్దాడు. ఆ గదిలో నేనెప్పుడూ కాగితం లేకుండా మాట్లాడలేదు, ఆయనా అంతే. ఇద్దరికీ ఈత రాని నీళ్లలో దిగినట్టుంది. ఆయన మెల్లగా అన్నాడు:

"మాది వొలోగ్దా దగ్గర పల్లె. పొరుగింటి గిన్నె ఇలా తీసుకెళితే మా అమ్మ నా చెవి మెలిపెట్టేది."

"మరి ఇలా ఎలా తెచ్చారు?"

"ఇది పదకొండు ఆఫీసులు తిరిగి వచ్చింది మేడమ్. ఆఫీసుకి అమ్మ ఉండదు."

"దీన్ని ఎవరు నింపాలో మీకు తెలుసు" అన్నాను. "ఆమె నింపాలంటే ముందు ఆమె ఏ తప్పూ చేయలేదని మీవాళ్లు ఒప్పుకోవాలి. పిల్లల్ని ఆమెకు తిరిగివ్వాలి. బెంగతో ఉన్న మనిషి చేసిన వంట మా అక్క ఇట్టే కనిపెడుతుంది."

ఇది నా కాగితంలో లేదు. ఎవరూ చెప్పమనలేదు. ఆయన గిన్నెను మళ్లీ కాగితంలో చుట్టి బల్లకింద పెట్టుకున్నాడు.

వెనక్కి వచ్చి చెబితే మా పై అధికారి కళ్లజోడు తీసి, "అమెరికా ప్రభుత్వం తరఫున నువ్వొక గిన్నెను తిరస్కరించావా?" అన్నాడు. అవునన్నాను. "వాషింగ్టన్‌కి ఇది ఎలా రాయను?" అన్నాడు పాపం.

చేతికొచ్చిన గిన్నెను వదిలేశాను అక్కా. ఇక రాకపోవచ్చు. తప్పు చేశానంటావా?

మారిట్

*

హార్విక్
ఏప్రిల్ 1984

నా బంగారుతల్లీ,

తప్పా? నీ ఉత్తరం ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. "అదే బాధ" అన్నచోట ప్రతిసారీ ఆగిపోతున్నాను. అమ్మ గొంతు వినిపించింది.

రాకపోతే రాకపోనీ. అబద్ధపు బిస్కెట్లు నేను కనిపెట్టకపోవచ్చు. కానీ నువ్వు ఎప్పుడొచ్చినా నా వంటింట్లో ఆ అబద్ధం పక్కన కూర్చోవాలి కదా. నువ్వు నాతో అలా కూర్చోనక్కరలేకుండా చేశావు. నాకది చాలు.

మంచు కరిగింది. కార్‌స్టెన్ దున్నుతున్నాడు. కంచె దగ్గర రోజూ కనిపించినా "వచ్చిందా?" అని అడగడు. టోపీ కొంచెం ఎత్తుతాడు. నేను తల అడ్డంగా ఊపుతాను. వెళ్లిపోతాడు.

సోల్వేగ్

*

లెనిన్‌గ్రాడ్
మే 1984

అక్కా,

ఓల్ఖోవ్‌కా వెళ్లొచ్చాను.

హఠాత్తుగా అనుమతి వచ్చింది, "పాఠశాలల సందర్శన" అని. స్టేషన్లో రోడియోన్ ల్వోవిచ్ నిలబడి ఉన్నాడు, చంకలో గోధుమరంగు పొట్లం. ఇద్దరం దారి పొడుగునా వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. పొట్లం మాత్రం ఒళ్లోంచి దించలేదు.

ముందు స్కూలు. పిల్లలు వరసగా నిలబడ్డారు. వాళ్ల ముందు జినాయీదా. చేతులు గాలిలో ఎత్తింది, నువ్వు చెప్పినట్టే. మార్చి చివర్లో బృందాన్ని తిరిగిచ్చారట. ఎందుకు తీసేశారో, ఎందుకు తిరిగిచ్చారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను పాట వినలేదు అక్కా, ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఆమె వంటిల్లు. పొట్లం విప్పి గిన్నె చూసి మొహం చిన్నబుచ్చుకుంది. సొట్ట మీద వేలు పెట్టి రాసి, రోడియోన్ ల్వోవిచ్ వైపు తిరిగింది.

"ఇది ఎవరు చేశారు?"

"ఒక ఆఫీసు" అన్నాడాయన.

"నేను వాళ్ల గేటుదాకా తీసుకెళ్లినవి ఎవరు తిన్నారు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"సరే, బాగున్నాయా?"

"చాలా బాగున్నాయని విన్నాను" అన్నాడు గొంతు తగ్గించి. ఆమె పగలబడి నవ్వింది. నాకూ ఆగలేదు. పాపం ఆయనకు కూడా.

ఈసారి తేనె, మసాలా వేసిన గట్టి బిస్కెట్లు చేసింది. నెలలకొద్దీ నిలవుంటాయట. వరసలు వరసలుగా పేర్చి, మధ్యలో కాగితాలు వేసింది. మూత పెట్టబోతూ ఆగి గిన్నె తిరగేసి చూసింది. పేరు లేదు. మందుల పెట్టెలోంచి గాయాలకు వేసే ప్లాస్టర్ పట్టీ కత్తిరించి అంటించి, పెన్సిల్ తీసి, గుర్తు తెచ్చుకుంటూ రాసింది. రష్యన్ అక్షరాల్లో, మన ఇంటిపేరు. బ్రెక్కె.

"మీ అక్క 'తొందరేం లేదు' అంది. అంటే ఏమిటో నాకు తెలియదనుకుందా? మేమూ అలాగే అంటాం" అని చెప్పమంది. నీ బార్లు ఒక్కటీ తన నోటిదాకా రాలేదట. బృందంలో పిల్లలు తినేశారట. మళ్లీ చేయమంది.

వచ్చేటప్పుడు రోడియోన్ ల్వోవిచ్ గిన్నె నా చేతిలో పెట్టాడు. "సంతకం?" అన్నాను. "వద్దులెండి" అన్నాడు.

జూన్ చివర్లో నాకు సెలవు. టపా మీద, సంచీ మీద నాకు నమ్మకం లేదు. నేనే తీసుకొస్తున్నాను. విమానంలో ఒళ్లో పెట్టుకుంటాను.

నీలం గిన్నె గురించి జవాబు రాయలేదని నీకు కోపం ఉండొచ్చు. అది రాసేది కాదు అక్కా.

మారిట్

*

హార్విక్
జూలై 1984

చిట్టీ,

నిన్ను విమానం ఎక్కించి ఇప్పుడే వచ్చాను. సభ ఫలితం నీ కళ్లారా చూసి వెళ్లావు కాబట్టి నేను చెప్పేదేముంది. నువ్వు చూడనిది ఒకటుంది, అది రాస్తాను.

బిస్కెట్లు ఊరందరికీ సరిపోవని ముక్కలు చేసి పంచాం కదా. కార్‌స్టెన్ తలుపు దగ్గరే నిలబడి టోపీ నలుపుతూ ఉన్నాడు, నువ్వు చూశావు. నువ్వు కాఫీ తేవడానికి లోపలికెళ్లావు. అప్పుడు వచ్చి ఒక ముక్క తీసుకున్నాడు. తినలేదు. జేబురుమాల్లో చుట్టుకున్నాడు.

"ఆ పిల్ల వాళ్ల నాన్నకి పంపుతా" అన్నాడు. "తింటాడో, విసిరేస్తాడో వాడిష్టం. ఎవరు చేశారో మాత్రం రాస్తా."

ఆ తర్వాతే వెళ్దామని చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి ఎత్తడానికి అతనికి ఎంత బరువై ఉంటుందో ఆలోచిస్తున్నాను.

ఆగస్టులో బయల్దేరుతున్నాం. నేను, పాస్టరు గారు, పాల డెయిరీ నడిపే దంపతులు, అయిదోవాడు ఎవరనుకున్నావు? కార్‌స్టెన్. "ఆ క్లచ్ తొక్కినవాణ్ణి కూర్చోబెట్టి ఒక మాట అడగాలి" అంటాడు. అడగనీ. ఎదురుగా కూర్చుని అడిగితే నాకేం భయం లేదు. అమ్మ గిన్నె నిండా ఖర్జూరం బార్లు పట్టుకెళతాను. ఆ ప్లాస్టర్ పట్టీ తీయలేదు, మీద టేపు వేసి గట్టి చేశాను.

ఇప్పుడు అసలు సంగతి.

ఎయిర్‌పోర్టు నుంచి వచ్చి పాలకోసం ఫ్రిజ్ తెరిచాను. ముందు అరలో నీలం గిన్నె ఉంది. పై అరలోంచి ఎప్పుడు దింపావే? నేను చర్చికి పాటల ప్రాక్టీసుకు వెళ్లినప్పుడా? నిండా పాలలో ఉడికించిన అన్నం. పైన దాల్చినచెక్క, మధ్యలో వెన్నముద్ద, అమ్మ పెట్టినట్టే. చీటీ లేదు. అవసరం కూడా లేదు.

ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంచి, నేల మీద కూర్చుని అక్కడే తినేశాను.

అడుగంటించావు చిట్టీ. ఉప్పు వేయడం కూడా మరిచిపోయావు. దేశాల మధ్య రాయబారం చేస్తావు గానీ నీకు ఇప్పటికీ సన్నమంట పెట్టడం రాదు.

గీకి గీకి తిన్నాను. కొంచెం కూడా మిగల్చలేదు. గిన్నె కడిగి బల్ల మీద పెట్టాను. పై అరలో కాదు.

తొందరేం లేదు.

నీ అక్క,
సోల్వేగ్